ముప్పయ్యో యేట కలం పట్టిన ఐరీన్

1961వ సంవత్సరం వసంత కాలంలో ఒక శనివారం సాయంకాలం. న్యూయార్కు నగరంలో గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో, ఒక కాఫీ హోటల్లో ఇద్దరు యువతులు కూర్చుని ఉన్నారు. ఆ రాత్రి ఎక్కడైనా విందు జరుగుతున్నదేమో, పోయి కాస్త సరదాగా గడుపుదామని వారి ఆలోచన. మాటల మధ్య వారిలో ఒకామె నిట్టూర్చింది. నవల వ్రాయాలని ఎన్నాళ్ళ నుంచో ఆమెకు కోరిక. తీరా బల్ల ముందు కూర్చుంటే కలం సాగడం లేదు. రెండవ ఆమెకు ఈ బెంగ అర్థం కాలేదు. వ్రాయాలని ఉంటే వ్రాయడమే గదా, విందూ వద్దు గిందూ వద్దు, ఇప్పుడే ఇంటికి పోయి మొదలు పెట్టమన్నది. అదెంత తేలికో చూపించడానికి, నీకు తోడుగా నేనూ వ్రాస్తానన్నది.

ఇంటికి వెళ్ళారు. ఇద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. మాట అయితే ఇచ్చింది గాని, రెండవ ఆమెకు రచన అంటే ఏమిటో తెలియదు. ఆమె బొమ్మలు వేయడం నేర్చుకున్న మనిషి. ఎక్కడ మొదలు పెట్టాలో తోచక చేతికందిన వంటల పుస్తకం తీసి, ఏదో ఒక పుట తెరిచింది. అందులోని ప్రతి వాక్యంలోనూ మొదటి మాట తీసుకుని, ఆ మాటతో తన వాక్యం ఒకటి ప్రారంభించింది. అలా వాక్యం వెంట వాక్యం పేర్చుకుంటూ పోయేసరికి అదొక కథ అయి కూర్చున్నది!

నవల వ్రాయలేకపోతున్నానని బాధపడిన మొదటి ఆమె పేరు సూసన్ సోంటాగ్. ఆమె తొలి నవల 1963లో అచ్చయింది. తరువాత ఆమె వ్యాసరచయిత్రిగా లోకమంతటా పేరు పొందింది. సరదాకు వంటల పుస్తకం తెరిచిన రెండవ ఆమె పేరు మరియా ఐరీన్ ఫోర్నెస్. అప్పటికి ఆమెకు ముప్పయ్యేళ్ళు. ఆ తరువాత నలభయ్యేళ్ళలో ఆమె నలభైకి అటూ ఇటూగా నాటకాలు వ్రాసింది. వాటిలో చాలా వాటికి దర్శకత్వం కూడా తానే వహించింది. ఒక తరం నాటకకర్తలను చేయిపట్టి నడిపించింది. అయినా అమెరికాలోనే ఆమె పేరు తెలియని నాటకాభిమానులు ఎందరో ఉన్నారు. గొప్పతనం ఒక దారినీ, ప్రఖ్యాతి ఇంకొక దారినీ పోవడం ఆమె జీవితంలో కనిపించినంత స్పష్టంగా మరొకచోట కనిపించదు.

హవానా నుంచి న్యూయార్కుకు

దక్షిణ అమెరికా, మధ్య అమెరికా, క్యూబా మొదలైన దేశాలలో మూలాలుండి, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్థిరపడిన కుటుంబాల స్త్రీలను అక్కడ 'లాటినా'లంటారు. వీరిలో చాలా మందికి పుట్టు భాష స్పానిష్. ఫోర్నెస్ అటువంటి స్త్రీ. 1930 మే 14వ తేదీన క్యూబా రాజధాని హవానాలో పుట్టింది. ఆరుగురు బిడ్డలలో కడసారపు పిల్ల. తండ్రి కార్లోస్ చిన్న ప్రభుత్వోద్యోగి. జీతం కొద్ది, పుస్తకాల పిచ్చి మెండు. బడిచదువు మీద ఆయనకు అంతగా నమ్మకం లేదు. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పేవాడు. ఐరీన్ బడికి వెళ్ళింది మూడవ తరగతి నుంచి ఆరవ తరగతి వరకే. పెద్దయిన తరువాత విశ్వవిద్యాలయాలలో ఎందరికో రచన నేర్పిన ఈమెకు స్వంతానికి ఉన్న బడిచదువు అంతే.

1945లో తండ్రి హఠాత్తుగా కన్నుమూశాడు. తల్లి కార్మెన్ ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని న్యూయార్కు చేరుకున్నది. ఐరీన్‌కు అప్పుడు పదిహేనేళ్ళు. ఇంగ్లీషు ముక్క రాదు. బాలే నృత్యం చేసేవారు తొడుక్కునే మెత్తని జోళ్ళు తయారుచేసే కార్ఖానాలో పనికి కుదిరింది. పగలంతా ఒకే పని, ఒకే కదలిక. ఆ బ్రతుకు ఆమెకు సరిపడలేదు. ఇంగ్లీషు నేర్చుకుని, అనువాదకురాలిగా పనిచేసి, 1951లో అమెరికా పౌరసత్వం పొందింది.

అప్పటికి ఆమె మనసంతా బొమ్మల మీద ఉండేది. జర్మనీ నుంచి వచ్చి న్యూయార్కులో చిత్రకళ నేర్పుతున్న హాన్స్ హాఫ్మన్ వద్ద శిష్యరికం చేసింది. పటం మీద ఒక రంగు ముందుకు తోసుకు వస్తుంటే పక్కనున్న రంగు వెనక్కు లాగుతూ ఉండాలి, ఆ పెనుగులాటలోనే చిత్రానికి ప్రాణం ఉన్నది అని ఆయన బోధన. చిత్రకారిణిగా ఐరీన్ పేరు పొందలేదు గాని, గురువు చెప్పిన ఈ మాటను మాత్రం మరువలేదు. ఆమె నాటకాలలో పాత్రలు ఉపన్యాసాలివ్వవు. ఒక మాట ముందుకు వస్తుంది, దాని పక్క మాట వెనక్కు లాగుతుంది. వినేవాడు ఆ రెంటి మధ్య నిలబడవలసిందే.

తెలియని భాషలో తెలిసిన నాటకం

1954లో ఆమె చిత్రకళ కోసం పారిస్ వెళ్ళింది. అక్కడ ఉన్న రోజులలో ఒక నాటకానికి వెళ్ళింది. శామ్యూల్ బెకెట్ వ్రాసిన 'గోడో కోసం' అనే నాటకం. రోజే బ్లాన్ దర్శకుడు. ఒక చెట్టు కింద ఇద్దరు దేశదిమ్మరులు ఎప్పటికీ రాని ఒక మనిషి కోసం ఎదురు చూడడమే అందులో కథ. ప్రదర్శన ఫ్రెంచి భాషలో. ఐరీన్‌కు ఫ్రెంచి రాదు. ఆ నాటకాన్ని అంతకు ముందు చదివినదీ కాదు.

అయినా ప్రతి ఘట్టమూ తనకు అర్థమైనదని, నాటకశాల నుంచి బయటకు వచ్చేసరికి తన బ్రతుకే తలక్రిందులైనట్లు తోచిందని ఆమె తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నది. ఇది అతిశయోక్తి కాదు. భాష రానివాడు మాటలు వదిలి మనిషిని చూస్తాడు. ఎవరు ఎవరి వైపు తిరిగారు, ఎవరు చెయ్యి చాచి మళ్ళీ వెనక్కు తీసుకున్నారు, ఎక్కడ మౌనం పడింది, అది ఎంతసేపు నిలిచింది అన్నవే అతనికి ఆధారం. నాటకంలో మాటల అడుగున మరొక నాటకం నడుస్తూ ఉంటుంది. ఐరీన్ పారిస్‌లో చూసింది దానిని.

1957లో న్యూయార్కుకు తిరిగి వచ్చి బట్టల మీద అచ్చువేసే డిజైన్లు గీసి జీవనం సాగించింది. సూసన్ సోంటాగ్‌తో పరిచయమై, 1959 నుంచి 1963 దాకా ఇద్దరూ జంటగా కలిసి బ్రతికారు. వంటల పుస్తకం ముచ్చట జరిగినది ఆ రోజులలోనే.

ఆ ఏడాదే ఆమె తొలి నాటకం వచ్చింది. పేరు 'విధవ'. ఇంట్లో దాచిన పాత ఉత్తరాలు, తన ముత్తాతకు బంధువులు వ్రాసినవి, వాటినుంచి అల్లిన నాటకం అది. స్పానిష్ భాషలోనే వ్రాసింది. తరువాతది 'టాంగో పాలెస్'. ఇది ఇంగ్లీషు నాటకం. దీనిని పట్టుకున్న తరువాత ఇంకొక ధ్యాస లేదు. పందొమ్మిది రోజులు వేరే పనులన్నీ మానుకుని, నిద్రపోయేటప్పుడు కూడా కాగితాలు పక్కనే పెట్టుకుని పూర్తి చేసింది. 1963లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అది రంగస్థలం ఎక్కింది.

చీట్లలోంచి పుట్టిన నాటకం

ఆమె నాటకాలు పుట్టిన తీరు వింటే ముచ్చట వేస్తుంది. 1965లో వ్రాసిన 'ప్రామినేడ్' అనే సంగీత నాటకం సంగతే చూడండి. కొన్ని చీట్ల మీద పాత్రల పేర్లు వ్రాసింది. మరి కొన్నిటి మీద స్థలాల పేర్లు వ్రాసింది. రెండు కట్టలనూ పేకముక్కలు కలిపినట్టు కలిపి, పైకి వచ్చిన చీటీని బట్టి సన్నివేశం వ్రాసుకుంటూ పోయింది. మొదట పైకి వచ్చిన స్థలం చెరసాల. దానితో 105, 106 అనే నంబర్లు తప్ప పేర్లు లేని ఇద్దరు ఖైదీలు పుట్టారు. వారు కన్నం తవ్వుకుని బయటపడి, ధనికుల విందులో జొరబడి, లోకం తీరు చూసి, చివరకు మళ్ళీ ఆ గదికే తిరిగి వస్తారు.

పుస్తకం తెరిచి శకునం చూసుకోవడం మన పెద్దలకూ తెలిసినదే. కాని ఐరీన్ చేసినది అది కాదు. చీటీ చెప్పినట్లు నడుచుకోవడం ఆమె ఉద్దేశం కాదు. మనం తెలివితో ముందుగా వేసుకున్న పథకం మనకు తెలిసిన చోటికే తీసుకుపోతుంది. తెలియని చోటికి పోవాలంటే తెలివిని కాసేపు పక్కకు తప్పించాలి. చీట్లు అందుకు సాధనం. ఒకసారి మనిషి కంటబడిన తరువాత చీటీతో పని లేదు. ఇక ఆ మనిషి మాట వినడమే రచయిత పని.

ఆ 'ప్రామినేడ్'కు బాణీలు కట్టినది అల్ కార్మైన్స్ అనే క్రైస్తవ మతబోధకుడు. ప్రదర్శించినది ఆయన పనిచేసే జడ్సన్ ప్రార్థన మందిరంలో. మతబోధకుడేమిటి, నాటకాలకు బాణీలు కట్టడమేమిటి అంటారేమో, ఆ కాలపు న్యూయార్కు నాటకరంగం అటువంటిది. 1969లో ఆ నాటకాన్నే కొత్తగా తెరిచిన ఒక నాటకశాలలో పెద్ద ఎత్తున ప్రదర్శించారు. ఆ నాటకశాల కాస్తా నాటకం పేరే పెట్టుకుని చాలాకాలం నడిచింది.

పెద్ద వీధి, చిన్న సందులు

న్యూయార్కు నాటకశాలలను మూడు తరగతులుగా చెబుతారు. ఐదువందల కుర్చీలూ ఆ పైన ఉన్నవి బ్రాడ్వే. నూటికీ ఐదువందలకూ మధ్య ఉన్నవి ఆఫ్-బ్రాడ్వే. నూటికి లోపు ఉన్నవి ఆఫ్-ఆఫ్-బ్రాడ్వే. ఈ మూడవ తరగతి 1960 ప్రాంతాన కాఫీ హోటళ్ళలోనూ, ప్రార్థన మందిరాలలోనూ, ఖాళీ గిడ్డంగులలోనూ పుట్టింది. డబ్బు లేదు, జీతాలు లేవు. కాని కొత్తదేదైనా చేయడానికి అడ్డు చెప్పేవాడూ లేడు. ఐరీన్ పుట్టిల్లు ఈ చిన్న సందే.

పెద్ద వీధిలో ఆమె అడుగు పెట్టిన కథ చిన్నది. 1966లో 'ఆఫీసు' అనే ఆమె నాటకాన్ని బ్రాడ్వే మీద తలపెట్టారు. దర్శకుడు జెరోమ్ రాబిన్స్. 'వెస్ట్ సైడ్ స్టోరీ'తో జగత్ప్రసిద్ధుడైన వాడు. అంతటివాడు పూనుకున్నా, ముందస్తు ప్రదర్శనలు పదింటితోనే నాటకం ఆగిపోయింది. అసలు ప్రారంభోత్సవమే జరగలేదు. ఆ తరువాత బ్రాడ్వే మీద ఆమె నాటకం మరి రాలేదు.

ఆమె కుంగిపోలేదు గాని ఒక సంగతి గట్టిగా పట్టుకున్నది. నాటకం వ్రాసినవాడు కాగితాలు అప్పగించి మూల కూర్చోవాలని, నటులతో నేరుగా మాట్లాడరాదని ఆనాటి ఆచారం. ఐరీన్‌కు అది వింతగా తోచింది. 1968 నుంచి తన నాటకాలకు తొలి ప్రదర్శన దర్శకత్వం తానే చేపట్టసాగింది. 1972లో కొందరు నాటకకర్తలు కలిసి న్యూయార్క్ థియేటర్ స్ట్రాటజీ అనే సంఘం పెట్టుకుంటే, అందులో చందాలు పోగుచేయడం మొదలు లెక్కలు వ్రాయడం దాకా ఆమె నెత్తినే పడింది. 1979 దాకా ఆ బరువు మోసింది. ఆ ఏళ్ళలో ఆమె స్వంత రచన బాగా వెనుకబడింది. ఇంటి పెద్దకూతురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చూసుకుంటూ తన సంగతి మరచిపోయినట్లే జరిగింది.

ఫెఫూ ఇంట్లో ఎనమండుగురు

ఆ పనుల మధ్యనే, 1977లో, ఆమె పేరు నిలబెట్టిన నాటకం వెలువడింది. పేరు 'ఫెఫూ, ఆమె స్నేహితురాళ్ళు'.

కాలం 1935 వసంతం. స్థలం అమెరికా ఈశాన్య భాగంలో న్యూ ఇంగ్లండ్ అనే ప్రాంతాన ఒక పల్లెటూరి ఇల్లు. ఇంటావిడ ఫెఫూ. విద్య కోసం విరాళాలు పోగుచేసే ఒక సభకు సన్నాహం చేసుకోవడానికి స్నేహితురాళ్ళు వస్తారు. మొత్తం ఎనమండుగురు స్త్రీలు. నాటకంలో మగపాత్ర ఒక్కటీ కనబడదు. మగవాళ్ళు బయట తోటలో ఉన్నారని మాటల వల్ల మనకు తెలుస్తుంది, అంతే.

నాటకం మొదలైన కాసేపటికే ఫెఫూ తుపాకీ తీసి, కిటికీలోంచి తోటలో ఉన్న భర్త మీదికి పేలుస్తుంది. ఆయన పడిపోతాడు, మళ్ళీ లేచి బట్టలు దులుపుకుంటాడు. వచ్చినవారు బెంబేలెత్తిపోతారు. అది దంపతులిద్దరి మధ్యా ఆట. లోపల ఉన్నది ఉత్త మందే, గుండు కాదు. కాని ఏదో ఒకనాడు భర్త అందులో నిజం గుండు పెట్టడని నమ్మకం ఏమిటి? ఆ అనుమానం కూడా ఆటలో భాగమే. ఈ ఒక్క ఘట్టంతో ఆ కాపురం ఎటువంటిదో తెలిసిపోతుంది. వేరే వివరించే పని లేదు.

స్నేహితురాళ్ళలో జూలియా అని ఒకామె చక్రాల కుర్చీలో ఉంటుంది. ఒకప్పుడు అడవిలో వేటగాడొకడు లేడిని కొట్టాడు. లేడి పడిన క్షణానే దగ్గరలో ఉన్న జూలియా కూడా కూలిపోయింది. గుండు ఆమెను తాకలేదు. అయినా మరి లేచి నడవలేదు. ఆమెను కొట్టినదేమిటి? నాటకం జవాబు చెప్పదు. కంటికి కనబడని దెబ్బలు కూడా మనిషిని కూర్చోబెడతాయని చూపించి ఊరుకుంటుంది. చివరి రంగంలో ఫెఫూ తుపాకీతో ఒక కుందేలును కొడుతుంది. జూలియా నొసటి మీద నెత్తురు కనబడుతుంది.

ఈ నాటకం ప్రదర్శించిన పద్ధతి ఇంకా విశేషం. మొదటి అంకం అందరూ ఒకేచోట కూర్చుని చూస్తారు. రెండవ అంకంలో ప్రేక్షకులను నాలుగు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టు పచ్చిక బయలుకు, ఒకటి చదువుకునే గదికి, ఒకటి పడక గదికి, ఒకటి వంటగదికి. నాలుగు చోట్లా నాలుగు సన్నివేశాలు ఏకకాలంలో జరుగుతాయి. అవి ముగియగానే జట్లు చోట్లు మారతాయి. నటీమణులు అదే సన్నివేశాన్ని నాలుగుసార్లు ఆడతారు. ఫెఫూ ఒక గదిలో నుంచి మరొక గదిలోకి వెళ్ళే సమయం క్షణం తప్పినా అంతా తారుమారవుతుంది. మూడవ అంకానికి మళ్ళీ అందరూ ఒకచోట చేరతారు.

ఇంతటి కొత్త పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? ఏ సిద్ధాంత గ్రంథంలో నుంచీ కాదు. నాటకానికి చోటు వెతుక్కుంటూ ఒక భవనానికి వెళ్ళితే, దాని యజమాని అక్కడి గదులన్నీ తిప్పి చూపించాడు. ఈ గదులలోనే ఆడితే ఏం పోయె అని ఆమెకు తోచింది. అంతే. కాని ఫలితం గొప్పది. రంగస్థలానికి ఎదురుగా కూర్చున్నవాడు ప్రేక్షకుడు. వంటగదిలో ఇద్దరు స్త్రీలు మనసు విప్పి మాట్లాడుకుంటుంటే వారికి చేయి చాచేంత దూరంలో నిలుచున్నవాడు ఇంటికి వచ్చిన చుట్టం. చుట్టానికి ఉండే చనువూ ఉంటుంది, వినకూడని మాట విన్న బెరుకూ ఉంటుంది.

సంతలో దొరికిన గొడ్డలి

1983లో కాలిఫోర్నియాలో జరిగే నాటకోత్సవానికి ఆమె ఏదో ఒకటి తయారుచేయవలసి వచ్చింది. చేతిలో డబ్బు తక్కువ, వ్యవధి తక్కువ. పాత సామాన్లు అమ్మే సంతకు వెళ్ళి కొన్ని కుర్చీలు, ఇస్త్రీ బల్ల, గొడ్డలి, కొంకి వంటివి చౌకగా కొన్నది. ఈ సామాను ముందు పెట్టుకున్న తరువాత పట్నంలో జరిగే కథ ఎలా కుదురుతుంది? కథ పల్లెటూరిదయింది. బీదలదయింది. అదే 'బురద' అనే నాటకం.

మే అనే స్త్రీ, ఆమెతో చిన్ననాటి నుంచి కలిసి పెరిగిన లాయిడ్, తరువాత ఆ ఇంటికి చేరిన హెన్రీ, ఈ ముగ్గురే పాత్రలు. మే రోజంతా బట్టలు ఇస్త్రీ చేస్తుంది. కాని ఆమె బడికి పోతున్నది. చదవడం, లెక్కలు నేర్చుకుంటున్నది. వాచకంలో సముద్ర నక్షత్రాన్ని గురించిన పాఠం కూడబలుక్కుంటూ చదువుతుంటే, ఆమె ముఖంలో వెలుగు మనకు కనబడుతుంది. ఆ వెలుగును పట్టుకుని ఆ బురద నుంచి బయటకు వెళ్ళిపోదామని చూస్తుంది. గడప దాటిన మేను లాయిడ్ తుపాకీతో కాల్చివేస్తాడు. చదువు కోసం ఒక స్త్రీ పెట్టుకున్న ఆశ ఇంత తక్కువ మాటలలో ఇంత బలంగా చెప్పిన నాటకాలు కొద్ది.

'డాన్యూబ్' నాటకం కూడా ఇలాగే పుట్టింది. పాత సామాన్ల దుకాణంలో హంగేరియన్ భాష నేర్పే గ్రామఫోన్ రికార్డు ఒకటి ఆమెకు దొరికింది. వాతావరణం బాగున్నది, మీరు ఎక్కడ పనిచేస్తున్నారు వంటి వాక్యాలు ముందు ఒక భాషలో, పిదప ఇంకొక భాషలో. ఆ అమాయకపు వాక్యాలతోనే బుడాపెస్టులో ఒక అమెరికా యువకుడికీ హంగేరీ యువతికీ ప్రేమ, పెళ్ళి జరిపించింది. రంగం మారేకొద్దీ ఆ మనుషుల ఒంటి మీద ఏదో తెలియని జబ్బు పాకుతుంది. అణ్వస్త్రం అనే మాట ఎత్తకుండానే దాని భయం మనకు అంటిస్తుంది. కొత్త భాష కూడబలుక్కున్న పదిహేనేళ్ళ పిల్ల జ్ఞాపకం ఆ వాక్యాల వెనుక ఉన్నది కాబోలు.

1985లో 'జీవిత సరళి' వచ్చింది. లాటిన్ అమెరికాలో ఒక సైనికాధికారి. ఖైదీలను హింసించడం అతని ఉద్యోగం. ఉద్యోగం ఇంటికి కూడా వస్తుందని, చెరసాలలో అలవాటైన చెయ్యి ఇంట్లో ఆగదని ఆ నాటకం నిర్మొహమాటంగా చూపిస్తుంది.

రచన నేర్పిన తీరు

ఇన్ని నాటకాలు వ్రాసినా, ఫోర్నెస్ చేసిన పెద్దపని ఇంకొకటి ఉన్నదని నా నమ్మకం. స్పానిష్ మూలాలున్న రచయితల నాటకాల కోసం న్యూయార్కులో 'ఇంటార్' అనే సంస్థ ఉన్నది. 1981లో అక్కడ ఆమె ఒక రచనాశాల ప్రారంభించి, 1992 వరకు నడిపింది. ఏటా కొద్దిమంది యువ రచయితలు. అంతకు ముందు వారిలో చాలామందికి తమ ఇంటి మాటలు, తమ అమ్మమ్మల కథలు నాటకానికి పనికివస్తాయన్న ఊహే లేదు.

పొద్దున్నే పాఠం మొదలు. మొదట యోగాసనాలు! మన యోగం అక్కడ నాటక రచనకు తొలిమెట్టు అయిందంటే మనకు కొంచెం గర్వమే గదా. శరీరం తేలికపడిన తరువాత కళ్ళు మూసుకోమనేది. చిన్నప్పటి మనిషినొకరిని గుర్తు తెచ్చుకోమనేది. ఆ మనిషి ఏ గదిలో ఉన్నారు, వెలుగు ఎటు నుంచి పడుతున్నది, చేతిలో ఏమున్నది, తీరికగా చూడమనేది. తరువాత కళ్ళు తెరిచి బొమ్మ వేయమనేది. అంతలో ఏదో ఒక పుస్తకం తెరిచి, కంటబడిన వాక్యం చదివేది. ఆ వాక్యం ఆ మనిషి నోట పెట్టి వ్రాయండి అనేది. ఆనాటి వంటల పుస్తకం ఎక్కడికీ పోలేదు, చూశారా! అదే ఇప్పుడు పాఠ్యగ్రంథమై కూర్చున్నది.

తరగతిలో పాఠం చెప్పే మాబోటివాళ్ళు ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించుకోవలసి ఉంటుంది. నాటక లక్షణాలు, సంధులు, అవస్థలు మేము వల్లె వేయిస్తాము. అవన్నీ వ్రాసిన నాటకాన్ని కొలవడానికి పనికివస్తాయి. వ్రాయబోయేవాడికి చేయూతనివ్వవు. ఆమె కొలతలు పక్కన పెట్టి, చూడడం నేర్పింది. నీ పాత్రను నువ్వు నడిపించకు, అది ఎటు నడుస్తుందో చూడు అన్నదే ఆమె సూత్రం.

ఫలితం చెప్పుకోదగినది. చెర్రీ మొరాగా, మిగ్దాలియా క్రూజ్, ఎడ్వర్డో మచాడో, కరిదాద్ స్విచ్ మొదలైన పేరుపొందిన నాటకకర్తలు ఆమె శిష్యులు. మరొక శిష్యుడు నీలో క్రూజ్ ఫ్లారిడాలో చుట్టలు చుట్టే క్యూబా కార్మికుల జీవితం తీసుకుని 'అన్నా ఇన్ ది ట్రాపిక్స్' వ్రాసి, 2003లో నాటక రచనకు పులిట్జర్ బహుమతి పొందాడు. ఆ బహుమతి లాటినో రచయితకు దక్కడం అదే మొదటిసారి. గురువు స్వయంగా 1990లో ఆ బహుమతికి తుది పరిశీలన దాకా వెళ్ళింది గాని, అది ఆమెను వరించలేదు. చిన్న నాటకశాలలకు ఇచ్చే ఓబీ బహుమతులు మాత్రం తొమ్మిది వచ్చాయి. ఏ అమెరికన్ నాటకకర్తకైనా ఫోర్నెస్‌ను చదవక ముందు, చదివిన తరువాత అని రెండే దశలుంటాయని పౌలా వోగెల్ అనే ప్రసిద్ధ రచయిత్రి మెచ్చుకున్నది. 1986లో ఫోర్నెస్ నాటకాలు నాలుగు ఒక సంపుటంగా వెలువడినప్పుడు దానికి ముందుమాట వ్రాసినది మరెవరో కాదు, ఆనాడు కలం సాగక నిట్టూర్చిన సూసన్ సోంటాగ్!

మరి ప్రఖ్యాతి ఎందుకు రాలేదు? ఒక నాటకంలా మరొక నాటకం ఉండదు. ఫలానా రకం రచయిత్రి అని ముద్ర వేయడానికి విమర్శకులకు చిక్కలేదు. స్త్రీవాదులు తమ మనిషి అనుకునేసరికి మరొక దారి పట్టింది. క్యూబా గురించే వ్రాస్తుందనుకున్నవారికి హంగేరీని చూపించింది. పెద్ద నాటకశాలల కోసం తన పద్ధతి మార్చుకోలేదు. మూల్యం చెల్లించింది. ఆమె బ్రతుకు చివరిదాకా కలిమి ఎరగని బ్రతుకే.

మరపు, జ్ఞాపకం

ఆమె వ్రాయడం మొదలుపెట్టిన 1961 జనవరిలోనే అమెరికా, క్యూబా దేశాల మధ్య దౌత్య సంబంధాలు తెగిపోయాయి. హవానాలో ఉండిపోయిన అన్న రాఫాయెల్‌కూ ఆమెకూ మధ్య మిగిలినవి ఉత్తరాలే. ముప్పయ్యేళ్ళ ఆ ఉత్తరాలను ఆధారం చేసుకుని 2000 సంవత్సరంలో 'క్యూబా నుంచి ఉత్తరాలు' నాటకం వ్రాసింది. న్యూయార్కులోని సిగ్నేచర్ నాటకశాల ఆ ఏటి ప్రదర్శనలన్నీ ఆమె నాటకాలకే కేటాయించి గౌరవించింది. తొలి నాటకం ఉత్తరాల నుంచి పుట్టింది. చివరిది కూడా ఉత్తరాల నుంచే పుట్టింది.

చివరిదని ఎందుకన్నానంటే, ఆ తరువాత ఆమె మరి వ్రాయలేకపోయింది. జ్ఞాపకశక్తి సడలసాగింది. నూరేళ్ళు దాటి బ్రతికిన తల్లిని కడదాకా తన దగ్గరే ఉంచుకుని సాకిన మనిషికి, చివరి రోజులలో తనను చూసుకునే సంతానం లేదు. మిషెల్ మెమ్రాన్ అనే యువతి ఆమెతో స్నేహం చేసి, ఒక చిన్న కెమెరా పట్టుకుని ఆమె వెంట తిరిగింది. విచిత్రమేమంటే, తాను నాటకాలు వ్రాయడం లేదన్న సంగతి మరచిన మనిషి, కెమెరా కంటబడగానే హుషారుగా మాటలు అల్లేది. ఇద్దరూ హవానాకు కూడా వెళ్ళివచ్చారు. ఏళ్ళ తరబడి తీసిన ఆ చిత్రం 2018లో వెలువడింది. దాని పేరుకు 'మిగతాది నేను కల్పిస్తాను' అని అర్థం.

మరపు ముదిరిన తరువాత ఆమెను నగరానికి చాలా దూరాన ఒక వృద్ధుల ఆశ్రమంలో ఉంచారు. స్నేహితులు, శిష్యులు పోయి చూసిరావాలంటే ఒక రోజు ప్రయాణం. వారు ఊరుకోలేదు. పట్టుబట్టి, నలుగురినీ కూడగట్టి 2013లో ఆమెను మళ్ళీ న్యూయార్కుకు తెప్పించారు. ఒకరి తరువాత ఒకరు వంతులవారీగా వెళ్ళి కూర్చునేవారు. ఒకప్పుడు తమకు కళ్ళు మూసుకుని చూడడం నేర్పిన గురువుకు తామెవరో తెలియకపోయినా పక్కన కూర్చునేవారు. 2018 ఆగస్టులో న్యూయార్కు పబ్లిక్ థియేటర్‌లో పన్నెండు గంటల పాటు ఆమె నాటకాలు ఒకదాని వెంట ఒకటి వినిపించారు. అదే ఏడాది అక్టోబరు 30వ తేదీన, ఎనభై ఎనిమిదవ యేట, ఆమె కన్నుమూసింది. మరుసటి సంవత్సరం 'ఫెఫూ' బ్రూక్లిన్‌లో మళ్ళీ రంగస్థలం ఎక్కింది. ప్రేక్షకులు మళ్ళీ నాలుగు జట్లుగా విడిపోయి ఫెఫూ ఇంటి గదులలో తిరిగారు.

వ్రాయాలని కోరిక ఉండీ, వయసు మించిందనో, చదువు చాలదనో, సమయం లేదనో వెనుకాడేవారు మనలో ప్రతి ఇంటా ఒకరుంటారు. మూడు నాలుగేళ్ళ బడిచదువుతో, పరాయి భాషలో, ముప్పయ్యో యేట కలం పట్టిన ఈ క్యూబా ఆడపడుచు కథ వారికోసమే చెప్పాను. ఆమెకు సరస్వతీ సాక్షాత్కారం ఏ కొండమీదా జరగలేదు. వంటల పుస్తకంలో జరిగింది. ఆ పుస్తకం మన వంటింట్లోనూ ఉన్నది.